కర్రోడి గొంతులో పుచ్చకాయ చెక్కు

తాండూరు, 14-4-1958

తమ్ముడు బీరప్పకు అక్క శాంతవ్వ దీవెనలు.

నువ్విచ్చిన కుక్క కర్రోడు చచ్చిపోలేదు, మన ఊరి హన్మయ్య పొరపాటున చెప్పాడు. మొన్న ఎండకు వాడు వగరుస్తుంటే జాలిపడి పుచ్చకాయ చెక్కు వేశాను. ఆత్రంగా మింగబోతే గొంతుకు అడ్డంపడి కూలిపోయాడు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. మా అత్త నాగవ్వ పరుగున వచ్చి, కోరలకు వెరవకుండా నోట్లో చేయి పెట్టి చెక్కు లాగేసింది. చేతికి రెండు గాట్లు పడ్డాయి. అయినా నన్ను ఒక్క మాట అనలేదు.

"ఏడ్వకు బిడ్డా. చెక్కు తీసి, గింజలేరి, చిన్న ముక్కలు జేసి జరంతనే పెట్టాలె. ఎక్కువైతే కడుపు చెడుతది" అంది. మరునాడు ఆ చేత్తోనే నాలుగు ముక్కలు తినిపించింది.

మన మంద కుక్కలకూ అలాగే పెట్టండి. నల్ల గొర్రె ఈనిందా? హన్మయ్యతో పుట్టబోయే బిడ్డకు మెత్తటి పాత చీరలు పంపించు. నాన్నకు నా దండాలు. కాన్పుకు మన పూడూరు రమ్మని అమ్మ కబురు పెట్టింది కదా, రానని చెప్పు. కోపంతో కాదు. పురిటి వేళ మా అత్త పక్కన ఉంటే నాకు ధైర్యం. అమ్మనే ఇక్కడికి రమ్మను, మా అత్త ఎలాంటి మనిషో తనే చూస్తుంది.