ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి

సెక్టారు నాలుగు, రామకృష్ణపురం,
కొత్త ఢిల్లీ.
16 అక్టోబరు 1977, ఆదివారం

పూజ్యులైన కనకయ్య బావగారికి,

మీ బావమరిది దేవసహాయం వందనాలతో రాసుకునేది. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మీరు, అక్క, సంఘంలో పెద్దలందరూ ఆయన నీడన చల్లగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అంది పద్దెనిమిది రోజులైంది. ఆలస్యానికి కోప్పడకండి. రోజూ ఆఫీసు నుంచి వచ్చి కలం తీయడం, మళ్లీ మూత పెట్టేయడం, ఇదే వరస. ఒళ్లు బాగానే ఉంది, మనసే అలసిపోయింది. వానలకు వంటగది గోడ చెమ్మెక్కింది. గౌరి మేం తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెప్పి వాళ్లమ్మ చేత తిట్లు తింటోంది. చంటివాడికి రెండో నెల నిండింది. బాలింతకని అక్క పంపిన కాయం ఉండలు అందాయి. లలిత చేదని మొహం చిట్లిస్తూనే తింటోంది, నీరసం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఇక మీరు అడిగిన సంగతి. మన గుడి రజతోత్సవ సంచికలో ‘నిత్యజీవితంలో నీతి న్యాయాలు’ అనే శీర్షిక కింద నా సాక్ష్యం వేయాలని తీర్మానించారట. ఢిల్లీలో సర్కారు కొలువు చేస్తూ కూడా చెయ్యి చాచని మనిషినని మీరు అందరితో చెప్పారట. ఆ మాట నిజమే. పని మీద వచ్చినవాళ్ల దగ్గర టీ కూడా తాగలేదు. ఆఫీసు కాగితం మీద ఇంటికి ఉత్తరం రాసి ఎరగను, ఇది కూడా కొనుక్కున్న కాగితమే. మా సెక్షన్లో నన్ను ‘పాద్రీ సాబ్’ అంటారు, వెనకాలా అంటారు, ఎదురుగానూ అంటారు. మొదట్లో ముచ్చటగానే ఉండేది. ఇప్పుడా పిలుపు వింటే విసుగొస్తోంది.

మా బ్లాకు మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేసే దశరథ్ అనే అతను ఉన్నాడు. ఉత్తరప్రదేశ్ పల్లెటూరి మనిషి, చదువు రాదు. భార్య, ఒక్క కూతురు. ఊరి నుంచి వచ్చే ఉత్తరాలన్నీ నాచేతే చదివించుకుంటాడు. ఆఫీసువాళ్లు పట్టుబట్టి నేర్పించిన హిందీ అలా పనికొచ్చింది. ఒకసారి అతని తండ్రి పోయినట్టు ఉత్తరం వస్తే, పై అంతస్తు బాబు ఒకాయన జాలిపడి, మీ నాన్నకు ఒంట్లో బాగాలేదట అని చదివాడు. మర్నాడు నా చేతికిస్తే ఉన్నది ఉన్నట్టు చదివాను. దశరథ్ కూలబడి ఏడ్చాడు. ఏడ్చి, ఇకమీదట మీరే చదవాలి బాబూజీ, దేవుడి పుస్తకం చదివేవారు, మీ నోట అబద్ధం రాదు అన్నాడు. అప్పటినుంచి కాలనీలో అందరికీ అదే మాట చెబుతాడు.

కిందటేడు ఎమర్జెన్సీలో, సెప్టెంబరు మొదట్లో, మా ఆఫీసులో తలకొక కేసు తేవాలన్నారు. అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒక మగవాణ్ణి ఒప్పించి తీసుకురావాలి. లేదంటే జీతం ఆపేస్తారు, క్వార్టరు ఖాళీ చేయిస్తారు. మీ ఊళ్లో ఆ గొడవ ఎంతవరకు వచ్చిందో కానీ ఇక్కడ బాగా ముదిరింది. మనిషి దొరకనివాళ్లు తమ పేరే రాసివ్వవచ్చని ఆఫీసరు అన్నాడు. అప్పటికి మాకు గౌరి ఒక్కతే. లలితకు మగపిల్లాడి మీద ఆశ. మూడు వారాలు ఎవరినీ అడగలేదు. నాలుగో వారం దశరథ్‌ను అడిగాను. ఒప్పుకున్నాడు, కాగితం మీద వేలిముద్ర వేశాడు. బలవంతమేమీ జరగలేదు. లారీల్లో తోలుకొచ్చినవాళ్ల మధ్య నవ్వుతూ వచ్చింది నీ మనిషి ఒక్కడేనని ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఆపరేషన్ చేయించుకున్నందుకు అక్కడిచ్చిన నెయ్యి డబ్బాను దశరథ్ క్రిస్మస్‌కు మా ఇంటికే తెచ్చిచ్చాడు. లలిత అరిసెలు వండి గుడిలో పంచింది. నేను తినలేదు.

ఇక్కడ హిందీవాళ్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మన తెలుగువాళ్లకు గుడి ఇస్తారు. నేను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి ఏడాది దాటింది. రొట్టె పంచే వేళకు గౌరిని ఆడించే మిషతో బయటికి వచ్చేస్తాను. లలిత మొదట్లో ఎందుకని అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది. కాబట్టి సాక్ష్యం నావల్ల కాదు. ఆ పేజీ ఇంకెవరికైనా ఇవ్వండి, ఏమీ అనుకోకండి.

అక్కకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
మీ ప్రార్థనల్లో చోటు కోరే
దేవసహాయం

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. పైన రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఉన్నది ఉన్నట్టూ లేదు.

వేలిముద్ర వేసిన ఆ కాగితం దశరథ్‌కు చదివి వినిపించింది నేనే. ఆపరేషన్ తర్వాత ఇక పిల్లలు పుట్టరని అందులో స్పష్టంగా రాసి ఉంది. నేను ఒక్కొక్క లైను మీద వేలు పెట్టి, ఇది ఏడాది వరకేనని, ఆ తర్వాత వేసిన ముడిని సర్కారే మళ్లీ విప్పిస్తుందని చదివాను. అతనికీ కొడుకు కావాలని ఉందని నాకు తెలుసు. నిజంగా అలాగే రాసి ఉందా బాబూజీ అని ఒక్కసారి అడిగాడు. రాసి ఉందన్నాను. నా పేరు రాయకుండా తప్పించుకోవడానికి అతని పేరు రాయించాను బావగారూ. మా చంటివాడు పుట్టింది ఆ తర్వాతే. వాడి చొక్కాలు దశరథ్ ఇస్త్రీ చేసి, వేడి తగ్గేదాకా చేతుల్లోనే పట్టుకుని, అప్పుడు పైకి తెచ్చిస్తాడు.

ఈ ఉదయం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ తలంట్లు పోసుకుని ఉతికిన బట్టలు కట్టుకున్నారు. ఏడాది నిండి మూడు వారాలైందట. మెట్ల కింద గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టుకున్నాడట. విప్పించుకోవడానికి ఏ ఆసుపత్రికి వెళ్లాలో చీటీ రాసివ్వమన్నాడు. నేను సాయంత్రం రాసిస్తానన్నాను. తొందరేం లేదు బాబూజీ, మీకు వీలున్నప్పుడే అని నాకే సర్దిచెప్పి దిగిపోయాడు.

సాయంత్రమైంది. కింద ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేస్తున్నాడు, వాసన వస్తోంది. ఆ కాగితం నకలు నా ట్రంకు పెట్టెలోనే ఉంది. తీసుకుని దిగుతున్నాను. భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి మళ్లీ చదువుతాను. మీకు సాక్ష్యం వేయాలనే ఉంటే ఈ తాజాకలం వేయండి. నా పేరు తీయకండి.