ఎర్ర కారు మీద పద్నాలుగు

అల్ కుసైస్, దుబాయ్
ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

అన్నయ్యకి,

నీ తమ్ముడు శ్రీను దణ్ణం పెట్టి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఒంట్లో కులాసాగా ఉంది, వేళకి తింటున్నాను, దిగులు పడొద్దు. అక్కడ నువ్వూ వదినా చిట్టీ ఎలా ఉన్నారు? వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చిట్టి కాలేజీకి ఇంకా ఆ కిక్కిరిసిన బస్సులోనే వెళ్తోందా? నీ చేతికి డాక్టరు చెయ్యమన్న వ్యాయామాలు చేస్తున్నావా, లేక నాలుగు రోజులు చేసి వదిలేశావా? వదిలేసే ఉంటావు, నీ సంగతి నాకు తెలీదా.

రోజూ ఫోన్లుండగా ఈ ఉత్తరమేంటి వీడి మొహం అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, బాగున్నాం, ఇదిగో మీ వదిన" అని ఇచ్చేస్తావు. నేనిక్కడికి వచ్చిన రెండేళ్ళుగా ఇదే వరస. వదినతో కూరల సంగతీ, నాకు చూస్తున్న సంబంధాల సంగతీ అయ్యేసరికి పనికి తీసుకెళ్ళే బండి వచ్చేస్తుంది. నీతో చెప్పాల్సింది నాలోనే ఉండిపోతోంది. మా గదిలో ఉండే సత్తిబాబు, మన కొత్తపేట వాడే, నెల రోజుల సెలవు మీద ఊరొస్తున్నాడు. వాడి చేత ఇది పంపుతున్నాను. కాగితాన్ని నువ్వు వదిన చేతిలో పెట్టి తప్పించుకోలేవు కదా. షాపులో ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

ఎండలు తగ్గాయి. మొన్నటిదాకా బయట ఇనుప రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేది, ఇప్పుడు పొద్దున్నే బండెక్కేటప్పుడు కాస్త చలి కూడా వేస్తోంది. గదిలో ఆరుగురం. వంట వంతులవారీగా. నా వంతు రోజున పప్పుచారు, సత్తిబాబు వంతు రోజున చేపల పులుసు. తిండికేం లోటు లేదు. అరటిపళ్ళొక్కటే కష్టం అన్నయ్యా. పసుపు పూసినట్టు మెరుస్తూ, ఒకే కొలతలో, చప్పగా ఉంటాయి. రావులపాలెం అరటి మార్కెట్ పక్కన పుట్టి పెరిగి ఇవి తినాల్సి వస్తుందనుకోలేదు. కొట్లో వాటిని చూసినప్పుడల్లా మన పెయింటింగ్ షాపు ముందు లారీలోంచి చక్రకేళి గెలలు దించే వాసన గుర్తొస్తుంది. సరే, ఏడుపు చాలు.

పని సంగతి చెప్తాను. అసలు దాని కోసమే రాస్తున్నాను.

మా గ్యారేజీలో పాత రేసు కార్లు బాగుచేస్తారని నీకు ఒకసారి చెప్పాను, నువ్వు విన్నావో లేదో. వెనకటి కాలంవి, యాభైల నాటివి. ఒక్క మనిషే పడతాడు, పైకప్పుండదు, ముందు రేకుని తోలు బెల్టుతో బిగిస్తారు. వాటిని నడిపినవాళ్ళ ఫొటోలు గోడ మీదున్నాయి. మామూలు చొక్కా, నెత్తిన గుడ్డ టోపీలాంటిది, కళ్ళద్దాలు, అంతే. సీటు బెల్టు కూడా లేదు. వీళ్ళకంటే మన లారీవాళ్ళే నయం, నిమ్మకాయా మిరపకాయలూ అయినా కడతారు అన్నాను. మా మేస్త్రీ బషీర్ భాయ్ పడీ పడీ నవ్వాడు. ఆయన పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ మనిషి. రేకుని సుత్తితో కొట్టి కారు ఒళ్ళు తయారుచేస్తాడు. ఆయన కొట్టిన వంపు మీద చెయ్యి రాస్తే ఎక్కడా ఆగదు. నువ్వు చూస్తే ఆయన్ని వదిలిపెట్టవు.

నన్ను తెచ్చింది స్ప్రే కొట్టడానికే కదా. చేత్తో రాయడం వచ్చని నేనెవరికీ చెప్పలేదు. మొన్న వేసవిలో మంచినీళ్ళ డ్రమ్ము మీద ఊరికే ఉండలేక "పానీ" అని రాసి, చుట్టూ మన పద్ధతిలో తామరపువ్వూ రెండు చిలకలూ వేశాను. మా అర్బాబ్, అంటే యజమాని, డెబ్బై దాటిన అరబ్బు పెద్దాయన, నీళ్ళు తాగడానికి వచ్చి గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరు రాశారని అడిగించాడు. ఆ రోజు నుంచి చేతిరాత పనేదైనా ఉంటే నన్నే పిలుస్తున్నాడు. స్ప్రే కొట్టడం కాదు అన్నయ్యా, బ్రష్షు, మళ్ళీ బ్రష్షు! ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో.

పోయిన నెల ఒక ఎర్ర కారు పూర్తయింది. ఇటలీది. దాని మీద తెల్లరంగుతో 14 అని రాయాలి, రెండు పక్కలా, ముక్కు మీదా. వచ్చే శనివారం దాన్ని పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్తారు. అర్బాబ్ నాకొక పాత ఫొటో ఇచ్చాడు, ఇదే కారు, రేసు రోజు పొద్దున తీసింది. చూసి ఇలాగే వెయ్యాలన్నాడు.

ఆ ఫొటోలో అంకె చూస్తే నాకు నవ్వొచ్చింది. ఒకటి ఎడమకి ఒరిగింది. నాలుగుకి అడ్డగీత కిందికి జారింది, దాని కాలి దగ్గర రంగు ఎక్కువై చారికలా కారింది. ఎవడో మెకానిక్ తొందర తొందరగా గీకి ఉంటాడు. ఇంత ఖరీదైన కారు మీద ఇంత దరిద్రపు రాతా అనుకున్నాను. నువ్వు నేర్పిన చెయ్యి ఊరుకుంటుందా? దారం పట్టి గీత కొట్టి, సమానంగా రెండంకెలూ నిలబెట్టి, పక్కన సన్నగా నల్లటి నీడ కూడా వేశాను. నీడ వెయ్యని అంకె సగం పనే అని నా నెత్తి మీద మొట్టి చెప్పినవాడివి నువ్వే కదా. గ్యారేజీ అంతా వచ్చి చూసింది. నేను కాలరెగరేసుకుని నిలబడ్డాను.

అర్బాబ్ వచ్చాడు. వంగి అంకెని దగ్గరగా చూశాడు. తర్వాత ఫొటో తీసి అంకె పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు.

"బహుత్ అచ్ఛా హై. మగర్ యే ఉస్ ఆద్మీ కా హాథ్ నహీ హై."

చాలా బాగుంది, కానీ ఇది ఆ మనిషి చెయ్యి కాదు అని. కారులో ఇంజను బాగుచేసిందే, రేకు సగం బషీర్ కొట్టిందే, సీటు కొత్తదే, ఆ పొద్దున ఈ కారు చుట్టూ ఉన్నవాళ్ళది ఈ ఫొటోలోని అంకె ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా నువ్వు తుడిచేస్తే ఎలా అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. తనే గుడ్డకి థిన్నర్ అద్ది నా పద్నాలుగుని తుడిచేశాడు. గురువారం సాయంత్రానికి ఆ రాత రాకపోతే స్టిక్కర్ కొట్టించి అంటిస్తానన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ చూస్తుండగా తుడిచాడు. స్టిక్కర్ అన్నమాటకి ఒళ్ళు మండింది కూడా. స్టిక్కర్ ఒకసారి లోపలికొచ్చిందంటే ఇంక బ్రష్షుతో పనేముంటుంది, మళ్ళీ ముఖానికి గుడ్డ కట్టుకుని స్ప్రే గదిలోకే.

మూడు రోజులు పాత రేకు ముక్కల మీద వంకరగా రాయడానికి ప్రయత్నించాను. రాలేదు అన్నయ్యా. కావాలని వంకర తిప్పితే అది దొంగ వంకర. తాగనివాడు తాగినట్టు నటిస్తున్నాడని బషీర్ భాయ్ ఒకటే వెక్కిరింపు. బుధవారం టీ తాగుతూ ఆ ఫొటో చేతిలోకి తీసుకుని చూసి చూసి ఆయన, "వీడికి రాయడం రాక కాదు బేటా, వీడి చెయ్యి వణికింది. చలికో, జబ్బుకో, భయానికో" అన్నాడు.

చెయ్యి వణికింది అన్నాక టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఇప్పుడు రాసేది నీ ఎదురుగా చెప్పగలిగే ధైర్యం నాకెప్పుడూ లేదు. నీకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఏడాది, ఆ అరటి లారీ గుర్తుందా? వెనక తలుపు మీద బండి నంబరు రాయాలి. నేను రాస్తానంటే వద్దని, స్టూలేసుకుని కూర్చుని, ఎడం చేత్తో మొదలుపెట్టావు. నాలుగంకెలకి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి రెండో చెయ్యి లేవక భుజానికి రుద్దుకున్నావు. అంకెలు ఒరిగాయి, ఒకదాని కాలి దగ్గర రంగు కారింది. నువ్వు భోజనానికి ఇంటికెళ్ళావు. లారీ ఓనరు ఒక్క మాటా అనలేదు. నేనే, ఎవరూ అడక్కుండా నేనే, షాపు పేరు పోతుందనుకుని కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిచేసి, పది నిమిషాల్లో నీడతో సహా రాసిపారేశాను.

నువ్వు తిరిగొచ్చి చూశావు. "బాగా వచ్చిందిరా" అన్నావు. అంతే. బ్రష్షులు కడిగి నీ పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టించావు. అప్పటి నుంచి రేడియం స్టిక్కర్లే అమ్ముతున్నావు. నేను నోరు విప్పలేదు. దుబాయ్ పని దొరికితే పారిపోయినట్టే వచ్చేశాను. ఫోన్ వదినకి ఎందుకిచ్చేస్తున్నావో నాకు తెలుసు.

గురువారం పొద్దున్నే వెళ్ళి బ్రష్షు ఎడం చేత్తో పట్టుకున్నాను. ఒట్టు, చంటిపిల్లాడు బ్రష్షు పట్టినట్టు ఉంది. ఒక్క గీత సగంలోకి వచ్చేసరికి భుజం పీకింది, చెమటలు పట్టాయి. నువ్వు నాలుగంకెలు ఎలా రాశావో నాకు అప్పుడు తెలిసింది. ఒకటి దానంతటదే ఒరిగింది. నాలుగు కాలి దగ్గర రంగు ఎక్కువై కారడం మొదలైంది. తుడవబోయిన కుడిచేతిని జేబులో పెట్టుకున్నాను. అది అలా కారుతుంటే నాకూ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. రంగు ఘాటు అనుకున్నాడు బషీర్ భాయ్, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

సాయంత్రం అర్బాబ్ వచ్చి ఫొటో పక్కన పెట్టి చూశాడు. ఆరిన ఆ చారిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాశాడు. "అబ్ ఠీక్ హై" అన్నాడు. ఇప్పుడు సరిగ్గా ఉందని. స్టిక్కర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎలా రాయగలిగావని అడిగితే నీ గురించి చెప్పాను. నేను తుడిచిన సంగతి తప్ప అన్నీ చెప్పాను. మా అన్నయ్యే నాకు రాత నేర్పాడు, ఎడం చేత్తో ఇలాగే రాస్తాడు అన్నాను. ఇప్పటికీ రాస్తున్నాడా అని అడిగాడు. రాస్తున్నాడు అన్నాను. అయితే ఆయన చేతిరాత ఒకటి చూపించు అన్నాడు.

అబద్ధమాడాను అన్నయ్యా. దాన్ని నిజం చెయ్యడం నీ చేతిలో ఉంది.

సత్తిబాబు తిరిగొచ్చేటప్పుడు వదిన నాకెలాగూ పెట్టె పంపుతుంది. ఉసిరికాయ పచ్చడి, కందిపొడి, వీలైతే ఎండురొయ్యలు. ఆ పెట్టె మీద నా పేరు చిట్టి చేత స్కెచ్ పెన్నుతో రాయించొద్దు. నువ్వే రాయి. బ్రష్షుతో, ఎడం చేత్తో, పెద్దగా. ఎంతసేపైనా పట్టనీ. ఒరగనీ, కారనీ. విమానాశ్రయంలో బెల్టు మీద వంద పెట్టెల్లో నాదేదో సత్తిబాబు కూడా ఇట్టే పోల్చుకోవాలి. దాన్ని అర్బాబ్‌కి చూపించి నా మంచం తలవైపు పెట్టుకుంటాను. ఈసారి తుడవను.

ఆ లారీ నంబరు తుడిచినందుకు నన్ను క్షమించు. ఇంతకంటే బాగా ఎలా అడగాలో నాకు తెలీదు.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు, నిజంగానే బాగున్నాను. వదినకి నమస్కారాలు, సంబంధాలు చూడ్డం ఆపొద్దని చెప్పు. చిట్టికి ముద్దులు. అరటి మార్కెట్‌లో నన్నడిగిన పెద్దలందరికీ అడిగానని చెప్పు. నీ చెయ్యి నా తల మీద ఉంటే చాలు, ఎడమదైనా సరే.

ఇట్లు,
నీ దగ్గర బ్రష్షు పట్టిన తమ్ముడు
శ్రీను

మరిచాను: బ్రష్షులు అటక మీద ఎడం మూల, ఇత్తడి బిందె వెనకున్నాయి. ఎండి గట్టిపడిపోయి ఉంటాయని సాకు చెప్పకు. నేను బయల్దేరే ముందు రోజు నువ్వు షాపులో ఉన్నప్పుడు దించి, ఒక్కోదానికీ నూనె రాసి మళ్ళీ చుట్టి పెట్టాను.