ఉన్నిగాడు నక్కతోని ఏమన్నడు?

నాయినా,

నేను మంచిగనే ఉన్న, ఫికర్ చేయకు. ఫోన్ చేస్తే "ఊకో బిడ్డా, పెద్దోళ్లతోని లొల్లి ఎందుకు" అంటవని కార్డు రాస్తున్న.

నా చిన్నప్పుడు నువ్వు చదివి వినిపించిన గొర్రెపిల్ల ఉన్నిగాని కథను ఇక్కడ హైదరాబాద్‌ల పిల్లల సినిమాగ తీసిండ్రు. ఉన్నిగానికి గొంతు నాదే. నిన్న, నక్క అడివికి రమ్మని పిలిచే కాడ, నువ్వు చదివినట్లే "నేన్ రాను పో, ఏం జేస్కుంటవో జేస్కో" అన్న. డైరెక్టర్ ఆపిండు. "పుస్తకంలో 'నేను రాను మామా' అని ఉందమ్మా. నీ యాస నక్కకైతే బాగుంటుంది, నవ్వొస్తుంది" అన్నడు. నాకు ఒళ్లు మండింది. "ఉన్నిగాడు మా మందల పుట్టిండు సార్. మీ మాట నక్కకు పెట్టుండ్రి. మా ఇంట్ల పుస్తకంల గట్లనే ఉన్నది, తెప్పిస్త" అని మైకు ముందర నుంచి లేచొచ్చిన. పుస్తకం చూపియ్యకపోతే వచ్చే వారం వేరే పిల్లతోని చెప్పిస్తరంట.

అమ్మ మోకాలు ఎట్లున్నది? జర కొల్లాపూర్ దవాఖానకు తోల్కపో. మచ్చల గొర్రె ఈనిందా?

సందూక పెట్టెల ఉన్న ఆ పుస్తకం బస్సుకిచ్చి పంపు. నువ్వు చదువుతుంటే విన్నదే తప్ప నేను దాన్ని ఎన్నడూ సొంతంగ చదవలే. గా మాట అండ్ల లేకపోతే, ఉన్నది కొట్టేసి నువ్వే పెన్నుతోని రాసి పంపు. నేనైతే గా మాట మార్చను.

అవ్వకు నా దండం చెప్పు.

నీ ఉన్నిగాడు,
స్వరూప