తప్పెట తాడు

సైబర్‌జయ, మలేషియా,
మంగళవారం.

ప్రేమగల నాన్నకు,

పొద్దుటి నుంచి వాన. క్లాసులయ్యాక హాస్టల్ కార్ల షెడ్డులో రెండు గంటలు అడుగులు సాధన చేశాం. అరికాళ్లు మండుతున్నాయి. ఫోన్లో రాస్తే అమ్మ చదివి ఎస్టేటు లైను ఇళ్లన్నిటికీ వినిపిస్తుంది. అందుకే కాగితం.

మాకు ఇంగ్లీషు చెప్పే లొరెయిన్ మిస్ అమెరికా నల్లజాతి ఆవిడ. ఆ జాతి పిల్లల్ని మిగతా చోట్ల చేర్చుకోని రోజుల్లో వాళ్ల కోసం పెట్టిన ఒక చిన్న విశ్వవిద్యాలయంలో చదువుకుంది. అక్కడి ఆడపిల్లలు సోరోరిటీ అని అక్కచెల్లెళ్ల సంఘం కడతారు. చేరితే చచ్చేదాకా చెల్లెలే. పొట్టి నుంచి పొడుగుకు వరసగా నిలబడి చప్పట్లతో, పాదాలతో దరువు వేస్తారు. ఆ వరసను ఎవరూ అడ్డంగా దాటకూడదు. ఆ వీడియోలు చూసి మేం ఏడుగురం ఒక వరస కట్టాం. అందరిలో పొట్టిదాన్ని కనుక నేను ఒకటో నంబరు. మిస్ తన సంఘం అడుగులు మాత్రం నేర్పలేదు. “అవి చేరినవాళ్లవి. మీవి మీ ఇళ్లలో వెతుక్కోండి,” అంది.

నాకు నీ తప్పెట గుర్తొచ్చింది. నాన్నా, ఒక మాట చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మవారి పండగకు మా స్కూలు పిల్లలు వచ్చారు. నువ్వు ఛాతీకి తప్పెట కట్టుకుని గెంతుతుంటే, మా క్లాసు శర్మిళ ఆయనెవరని అడిగింది. “ఎవరో,” అన్నాను. అప్పుడే నువ్వు వెనక్కి తిరిగావు. ఆ తర్వాత మళ్లీ తప్పెట కట్టలేదు. ఎనిమిదేళ్లుగా అడగడానికి నోరు రాలేదు.

మా ప్రదర్శన నెలాఖరున. ఈ శనివారం వచ్చి నేర్పుతావా? రాకపోయినా నిన్నేమీ అనను.

నీ కూతురు,
లోగేశ్వరి


బటాంగ్ బెర్జుంటై,
సోమవారం.

అమ్మా లోగా,

ఎండ గట్టిగా కాసింది. పామాయిలు గెలలు కోసి పదకొండింటికల్లా లారీకెత్తాం. నాలుగు శనివారాలు మీతో గెంతిన మోకాళ్లు ఇంకా నా మాట వినడం లేదు.

నిన్న మీ ప్రదర్శనలో జరిగిన తప్పు నాది. వరస దాటకూడదని మీ అమ్మకు చెప్పడం మరిచిపోయాను. మీరు ఆడుతుంటే ఆమె నిమ్మకాయ పట్టుకుని సరిగ్గా మధ్యలోంచి నడిచింది. “అందరి కళ్లూ నా పిల్ల మీదే పడినాయి, ఏటి సేస్తాను లా!” అంది, ఇక్కడి మలయావాళ్ల ‘లా’ తగిలించి. మీరు అడుగు తప్పలేదు. మిస్ తల పట్టుకుంది. “మా దగ్గర వరస దాటితే తరుముతారు,” అందని నువ్వు చెప్పగానే, “తరమమను. ముందు ఆవిడకి కూడా దిష్టి తీసేత్తాను,” అంది మీ అమ్మ. మిస్ నవ్వుతూ దిష్టికి తల వంచింది.

నీ ఉత్తరం సంగతి ఎదురుగా మాట్లాడలేకపోయాను. ఆ రోజు నువ్వన్నది నాకు వినబడలేదు. వినబడితే అక్కడే ఒకటి వేసేవాణ్ని. తాడు తెగి వెనక్కి తిరిగాను. మళ్లీ కట్టబోతే బొజ్జకు చాల్లేదు. అందరిముందూ మీ అమ్మ నవ్వింది. అందుకే మానేశాను. కొత్త తాడు పొడుగ్గా కొన్నాను. తప్పెట నీ దగ్గరే ఉంచు, రెండు చుట్లు చుట్టుకో.

ఈ మధ్యాహ్నం మిస్ మనింటికి భోజనానికి వచ్చింది. మీ అమ్మను ‘ఎనిమిదో నంబరు’ అని పిలిచింది. తెగిన పాత తాడు గుర్తుగా దాచుకుంటానని అడిగి తీసుకుంది. మూడున్నరకు వెళ్లింది.

మీ నాన్న,
పైడయ్య