మౌనిక వాళ్ల నాయిన రేపు వస్తుండు

అక్కా,

ఎట్లున్నవ్? నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. అయినా ఈ మాట అడగకుండ ఉండలేకపోతున్న.

నేను బాగనే ఉన్న. మన హాస్టల్ నడుస్తుంది. మూడో అంతస్తుల గీజర్ మళ్ల ఖరాబైంది. అమీర్‌పేటల కోర్సుల బోర్డులన్ని మారినయి, చూస్తే గుర్తుపట్టవు. ఆడపిల్లలు మాత్రం అప్పటి లెక్కనే ఒక బ్యాగు, ఒక బకెట్ పట్టుకొని వస్తుండ్రు.

నువ్వున్నప్పుడు వంట, తాళాలు నావి. పిల్లలతోని మాట్లాడుడు నీది. సాయంత్రం చాయ్ టైముకు మెట్ల మీద కూసొని ఒక్కొక్కల్ని మాట్లాడిస్తుంటివి. "ఏం గావాలె అని అడిగితే భయపడ్తరే రేణుకా. ఏం చేస్తుంటే టైము తెల్వది అని అడుగు," అంటుంటివి. నేను నవ్వేదాన్ని. అప్పుడే జర కూసొని ఇంటే బాగుండు...

మౌనిక యాదికుందా? మెదక్ దిక్కు పిల్ల, కిటికీ పక్క మంచం. బీటెక్ అయిపోయి వచ్చింది. నువ్వున్నప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటుండె. అది ఇడిసిపెట్టి ఇంకోటి, అది సుత ఇడిసిపెట్టి ఇంకోటి. ఆఖరికి క్లాసుకే పోవుడు బంద్ చేసింది. పొద్దంత గోడ దిక్కు తిరిగి పండుకుంటుండె. వాళ్ల నాయిన రోజూ నాకే ఫోన్... "మీరన్న జర చెప్పుండ్రి అక్కా" అని.

చెప్పిన. ఎట్ల చెప్పిన్నో తెల్సా? టిఫిన్ కాడ అందరి ముందల. "నీ ఈడుకు మా అక్క ఇద్దరు పిల్లల్ని సాకింది. నీకేం తక్కువైంది?" అన్న. ఆ పిల్ల ప్లేటు కడిగిపెట్టి, చెప్పులేసుకొని పోయింది. పదకొండింటికి రూం ఊడుస్తుంటే చూసిన... ఫోన్ మంచం మీదనే ఉన్నది.

అక్కా, చీపురు ఆడనే పడేసి ఉరికిన.

ఇన్‌స్టిట్యూట్ల గల్లీలన్ని తిరిగిన. మెట్రో మెట్లెక్కి, వచ్చే పోయే ఆడపిల్లల మొఖాలు చూసుకుంట నిలబడ్డ. పట్టాల దిక్కు చూడనీకె ధైర్యం రాలే. వాళ్ల నాయినకు ఏమని చెప్పాలె? ఆ మాట నేనెందుకన్న?

పంజాగుట్ట దాక నడిచిన. అక్కడ బస్టాప్‌ల కూసొని ఉన్నది. బస్సులు వస్తున్నయి, పోతున్నయి, ఏదీ ఎక్కుతలేదు. తిడదామనుకున్న, నోరు రాలే. పక్కన కూసొని, నువ్వడిగే మాటనే అడిగిన.

తర్వాత మెల్లగ అన్నది... "మా తాతకు పక్షవాతమొస్తే నేనే నడిపించిన ఆంటీ. ఒక్కొక్క అడుగు. రెండు నెలలు. పొద్దు ఎప్పుడు గూకిందో తెల్వకపోతుండె. కని అది సుత ఒక పనేనా ఆంటీ... అందరు చేసేదే గదా."

అందరు చేస్తరా అక్కా? నువ్వు మంచంల ఉన్నప్పుడు నిన్ను లేపి కూసోబెట్టనీకె నేనెంత భయపడ్డనో నీకు తెల్వదా?

నా మోకాళ్లకు ఎక్సర్‌సైజులు చేపిచ్చే డాక్టరమ్మ క్లినిక్ పంజాగుట్టలనే గదా. అటునుంచి అటే తోల్కపోయిన. ఆమె మౌనికను రోజూ పొద్దుగాల వచ్చి పని చూడుమన్నది. మూడు వారాలైంది. ఎవరు లేపకుండనే ఆరింటికి లేస్తుంది. మొన్న నేను కూర కలుపుతుంటే వచ్చి, క్లినిక్‌ల ఎవరో పెద్దమనిషి భుజం ఎట్ల పైకి లేసిందో నా చెయ్యి పట్టుకొని చూపిచ్చింది. కూర మాడింది. మాడితే మాడనీ అనుకున్న.

కని ఆ ఫిజియోథెరపీ పని మంచిగ నేర్చుకోవాలంటే మళ్ల మొదట్నుంచి చదవాలెనట, ఏండ్లు పడ్తయట. నిన్న తనే ఫోన్ చేసి వాళ్ల నాయినకు చెప్పింది. ఆయన నాకు చేసిండు. "బీటెక్ చదివిపిస్తే కాళ్లు పిసుకుతదా అక్కా? మీ మీద నమ్మకంతోని ఉంచితే..." అని ఆగిండు. రేపు పొద్దుగాల వస్తుండు. తోల్కపోతడట.

ఆయనది తప్పంటనా? ఇది సుత మూడు నెలల ముచ్చటే అయితే? ఒకల బిడ్డ బతుకుల నేను వేలు పెట్టిన్నా? నువ్వు గింతమందికి చెప్పినవు గదా... ఎవరికన్న తప్పు చెప్పిన్నేమో అని ఎన్నడన్న భయపడ్డవా? అడగకనే పోతిని.

ఇయ్యాల మాపటికి మౌనిక వచ్చి, "రేపు మీరే మాట్లాడుండ్రి ఆంటీ, నాయిన ముందల నాకు మాటలు రావు" అన్నది. సరే అనే మాట నోటి దాక వచ్చింది. మింగిన. "నువ్వే చెప్పాలె బిడ్డా. నేను పక్కన కూసుంట" అన్న. కాగితం పెన్ను అడిగి తీస్కపోయింది.

రేపు ఆయన ఎంత గట్టిగ మాట్లాడినా, ఆ పిల్ల చెప్పుడు అయ్యేదాక నేను నోరు తెరువ. నీకు మాటిస్తున్న.

ఇది రాస్తుంటే పై రూంలకెల్లి ఇనిపిస్తుంది. "నాయినా..." అంటది. ఆగుతది. మళ్ల మొదట్నుంచి చదువుతది.

నీ చెల్లె,
రేణుక