అదనపు తీగ

ఫిబ్రవరి 11

సర్టిఫికెట్ చేతికి వచ్చింది. రెండేళ్ళు సాయంకాలపు తరగతులకు వెళ్ళి, నలభై ఎనిమిదో ఏట నెట్‌వర్క్ డిజైనర్‌నయ్యాను. పాఠాలు చెప్పిన మేడమ్ అందరినీ పేరుపెట్టి పిలిచి నన్ను మాత్రం గారూ అన్నది. అది గౌరవమో, వయసో తెలియలేదు. గౌరవమనే రాసుకుంటున్నాను.

నోటుపుస్తకాలు సర్దాను. ఒక్క పాఠానికే పేజీ ఖాళీ. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టెలను, అంటే స్విచ్‌లను, తీగలతో కలపడం. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ కేబుళ్ళు అతికినవాడికి తీగల పాఠమేమిటి?

సర్టిఫికెట్ పై అంతస్తుకు తీసుకెళ్ళి అన్నయ్యకూ వదినకూ చూపించాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మరిదిగారూ, మా గదికి ఇంటర్నెట్ అందదు, ముందు ఆ సంగతి చూడండి అన్నది వదిన. నేను వ్యాపార సంస్థలకు రూపకల్పన చేసేవాణ్ణనీ, ఇళ్ళలో తీగలు లాగేవాణ్ణి కాననీ చెప్పాను. అన్నయ్య నవ్వాడు. వడ్డించిన కంచం వదిలి కిందికి వచ్చేశాను.

ఫిబ్రవరి 16

నా వంట నేనే వండుకుంటున్నాను. పైనుంచి ఎవరూ పిలవలేదు. పిలిచినా వెళ్ళను.

ఫిబ్రవరి 27

మొదటి పని దొరికింది. రెండంతస్తుల ప్రింటింగ్ ప్రెస్, పద్నాలుగు కంప్యూటర్లు. ఇది నిలబడితే తన మరో రెండు బ్రాంచీలూ నాకే అన్నాడు యజమాని. నిలబడకపోతే నేను మళ్ళీ ఎవరి కిందో తీగలు లాగవలసినవాణ్ణే.

ఇంటికి వచ్చి నా గదిలో ఆ చివర ఒక పాత కంప్యూటర్, ఈ చివర ఒకటి పెట్టి కలిపాను. ఇక్కడి నుంచి పింగ్, అంటే ఉన్నావా అనే చిన్న పలకరింపు, పంపితే అక్కడి నుంచి జవాబు వచ్చింది. ఈ రోజు నా మాటకు బదులు పలికింది అదొక్కటే.

మార్చి 14

ప్రెస్‌లో అన్నీ పరీక్షించాను. పద్నాలుగూ పలికాయి. బయలుదేరబోతూ పై స్విచ్‌కూ కింది స్విచ్‌కూ మధ్య మరొక తీగ వేసి, రెండు కొసలూ బిగించాను. ఒకటి తెగితే రెండోది ఉంటుంది. టెలిఫోన్ పనిలో నేర్చిన జాగ్రత్త ఇది. ఎవరూ చెప్పనక్కర లేదు.

మార్చి 15, ఉదయం 10

ప్రెస్ మొత్తం స్తంభించింది. ఒక్క కంప్యూటర్ కూడా మరొకదానిని గుర్తించడం లేదు. స్విచ్ లోపమని చెప్పాను.

మార్చి 16

స్విచ్‌లు రెండూ మార్పించాను. అదే స్థితి. పనివాళ్ళు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నారు. మీ నెట్‌వర్క్ కంటే మావాళ్ళ మోకాళ్ళే నయమండీ అన్నాడు యజమాని. అందరూ నవ్వారు. మేడమ్‌కు ఫోన్ చేయాలనిపించింది. చేయలేదు.

మార్చి 17

చేశాను. ఆమె ఒకే ప్రశ్న వేసింది. రెండు స్విచ్‌ల మధ్య ఎన్ని తీగలున్నాయి? రెండు అన్నాను, కొంత గర్వంగానే.

అక్కడే తప్పన్నది. ఎందుకో చెప్పింది. ఏ కంప్యూటరైనా ముందుగా అందరినీ ఉద్దేశించి ఎవరున్నారని కేక వేస్తుందట. ఇలాంటి చవక స్విచ్‌ల మధ్య రెండు దారులుంటే ఆ కేక ఒకదానివెంట వెళ్ళి మరొకదానివెంట తిరిగి వస్తుందట. అలా ఆగకుండా తిరుగుతూ, పెరుగుతూ పోతుంటే, ఇక దేని మాటా దేనికీ వినపడదట.

ఇది క్లాసులో చెప్పానండీ, ఆ రోజు మీరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, నాకు బాగా గుర్తు అన్నది.

మార్చి 18

అదనపు తీగ పీకేశాను. క్షణంలో పద్నాలుగూ పలికాయి. దానంతటదే కుదుటపడిందని చెప్పి తప్పించుకోవచ్చు. స్విచ్‌ల లోపం కాదు, లోపం నాదే అని యజమానితో చెప్పాను. ఆయన తీగను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కువైనా రోగమేనన్నమాట అన్నాడు. బ్రాంచీల సంగతి అడిగాను. తరువాత చూద్దాం లెండి అన్నాడు.

ఆ మాటకు అర్థం తెలియని వయసు కాదు నాది.

మార్చి 24

ఫోన్ మోగలేదు.

మార్చి 31

సాయంత్రం పైన కుర్చీలు జరిపిన చప్పుడు, తరువాత కంచాల చప్పుడు. మూడు కంచాలా, రెండా అని చెవి ఒగ్గి విన్నాను. ఇలాంటిది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. రాశాను.

ఏప్రిల్ 2

డ్రిల్లింగ్ మెషిన్ తీసుకుని మెట్లెక్కాను. తలుపు తీసింది వదిన. ఏం మరిదీ, ఇన్నాళ్ళకు మెట్లు కనిపించాయా అన్నది. గారూ అనలేదు. తీగ ఎటునుంచి రావాలో చూపించమన్నాను. ముందు చేతులు కడుక్కో అన్నది.

ఏప్రిల్ 3

పై గదికి తీగ వేశాను. ఒక్కటే.

కింది నుంచి పింగ్ పంపాను. పలికింది.