సెటిలర్ ఇంటి గుండిగ

సెప్టెంబరు 19, సోమవారం

తెలంగాణ కోసం సమ్మె. బస్సుల్లేవు, బడి లేదు. చైతన్యపురి దాకా నడిచి వెళ్ళి ట్యూషన్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి వచ్చాను. మా వీధి మొదట్లో గోడ మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషు రాత... సెట్లర్లు వెళ్ళిపోవాలట. స్పెల్లింగులో రెండు టీలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. చేయి సంచిలోని సుద్దముక్క మీదకి పోయింది. టీచరు బుద్ధి! నాలుగడుగులు వేశాక గానీ తట్టలేదు, అది నా గురించే అని.

సెప్టెంబరు 20

నిఘంటువు తీశాను. కొత్త చోటికి వెళ్ళి అక్కడే ఉండిపోయినవారు. అందులో తిట్టేమీ లేదు. పేపర్లో ఒక పేజీలో సెట్లర్, ఇంకో పేజీలో సెటిలర్. కూరగాయలామె నోట శెట్లరు. ఎలా రాసినా నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై రెండేళ్ళున్నా ఇంకా వచ్చినదాన్నే.

సెప్టెంబరు 21

పక్కింటి అనసూయకి చెప్పాను. నవ్వేసింది.

"పోరగాళ్ళ రాతలు వదినా. గవి మనసుల వెట్టుకుంటవా?"

ఆమె భర్త బస్సు డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. ఎల్లుండి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు — రోడ్డు మీదే వండుకుని అక్కడే తింటారు.

"నీ పెద్ద గంజు కావాలె. నువ్వు గూడ రా. గంజి వార్చుడు నీకే మంచిగొస్తది."

ఆమెకి గంజు, నాకు గుండిగ. పెళ్ళికి అమ్మ ఇచ్చిన ఇత్తడిది. వీధిలో ఎవరింట పెళ్ళయినా, పేరంటమయినా అదే వెళ్తుంది. అంచు మీద చుక్కలతో కొట్టించిన అమ్మ పేరు, ఊరు: సీతారావమ్మ, తెనాలి. చింతపండుతో తోమి పెట్టాను. నన్నూ పిలిచింది... ఎంత సంతోషమో.

సెప్టెంబరు 23, ఉదయం

చీర కట్టుకుని కూర్చున్నాను. అనసూయ గుండిగ ఆటోలో పెట్టించి, మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు రాకు వదినా. ఎవడన్న ఒక మాటంటే నా పాణం ఒప్పది."

మా ఇంటి బియ్యం సంచీ ఇచ్చి పంపాను. తలుపు వేసుకున్నాను.

సాయంత్రం

గుండిగ వచ్చింది. శుభ్రంగా తోమి తెచ్చింది. అంచు మీద చేయి పెడితే గరుకు... పేరు లేదు. ఊరు లేదు.

"నేనే గీకిన వదినా, మా ఆయన ఆకురాయితోని. ఆడ కొందరు తెనాలి అని సదివి, గిది ఆంధ్రోళ్ళ గంజు, మురికి నాలాల పడేయుర్రి అన్నరు. ఏం జెయ్యాల్నో తోచలె."

ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. అమ్మ పోయి ఆరేళ్ళు. ఆమె పేరున్న వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు. ఊరొక్కటి గీకితే సరిపోయేది కదా.

సెప్టెంబరు 24

గుండిగ వరండాలోనే ఉంది. లోపల పెట్టబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 26

పొద్దున్నే అనసూయ.

"పేరు మళ్ళ కొట్టిపిస్త. గిన్నెల దుకాణపాయనతోని మాట్లాడిన. ఏమని కొట్టాల్నో కాయితం మీద రాసియ్యి వదినా."

కాగితం తీసుకున్నాను. సీతారావమ్మ, అని రాశాను. ఆ పక్కన ఊరు... తెనాలి అని రాస్తే మళ్ళీ ఎవరు గీకుతారో. దిల్‌సుఖ్‌నగర్ అంటే, అమ్మ ఈ ఊరు చూడనే లేదు.

ఊరు రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది. అనసూయ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.